తెల్ల గోడలు: మూడు ఎండాకాలాల తర్వాత మా నల్లగొండ ఇంటి రివ్యూ

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే మార్కులు చెప్పేస్తా. హాలుకు, సీలింగులకు తెలుపు: 5కి 4.5. వంటింటికి 2. రోడ్డు వైపు గదికి 1, అదీ జాలిపడి. రంగు వేసిన కాంట్రాక్టర్‌కు ఎంత వేయాలో చదివాక మీరే చూసుకోండి.

మాది పానగల్ వైపు, రెండు బెడ్‌రూముల ఇల్లు, 1100 చదరపు అడుగులు. అంతకుముందు హాలు చిలకపచ్చ, ఒక బెడ్‌రూము గులాబీ, ఇంకోటి నీలం. అన్నీ డిస్టెంపరే, గోడకు ఆనుకుంటే భుజానికి రంగు అంటుకునేది. ఫోన్‌లో కనిపించే తెల్లటి ఇళ్లన్నీ చూసీ చూసీ ఈసారి ఇల్లంతా తెలుపే అని నేనే పట్టుబట్టా. మా ఆయన సరే అన్నాడు, ఎందుకంటే ఆయనకు రంగులతో పని లేదు, బిల్లుతోనే పని. అత్తమ్మ మాత్రం షేడ్ కార్డు చూసి ఒకటే మాట అన్నది: "గదేంది బిడ్డా, దవాఖాన లెక్క ఉంటది గదా."

ఆ మాట సగం నిజమైంది. ఎందుకైందో తర్వాత చెప్తా, ముందు లెక్క.

మేం తీసుకున్నది ఇంటీరియర్ ఎమల్షన్ (లోపలి గోడలకు వేసే, నీళ్లు కలిపే పెయింటు), మధ్య రకం ధరలో, మెరుపు లేని మ్యాట్. 20 లీటర్ల బకెట్ ఒకటి, 10 లీటర్లది ఒకటి. ఇల్లు 1100 అడుగులే కదా ఇంత ఎందుకు అని నాకూ అనిపించింది. కానీ రంగు పడేది నేల మీద కాదు, గోడలూ సీలింగూ కలిపితే మా ఇంటికి 3500 చదరపు అడుగుల దాకా వచ్చింది. రెండు కోటింగులకు లీటరుకు 130 అడుగులు వేసుకోండి, 27 లీటర్లు అక్కడికక్కడే సరి. కాబట్టి బేరం ఆడేముందు టేపు పట్టుకుని మీరే కొలుచుకోండి, మేస్త్రి కొలత ఎప్పుడూ కొంచెం ఉదారంగా ఉంటుంది.

ఇక చౌక తెలుపు జోలికి వెళ్లకండి. తెల్ల పెయింటుకు ఆ తెలుపును ఇచ్చేది, కింది రంగును కప్పేది టైటానియం డయాక్సైడ్ అనే పొడి, దాని ఖరీదు ఎక్కువ. చౌక డబ్బాల్లో అది తక్కువ, సుద్ద లాంటి పొడులు ఎక్కువ. అందుకే రెండు కోటింగులతో అయిపోవాల్సిన పని నాలుగు వేసినా కాదు. ముదురు రంగు మీద తెలుపు వేయిస్తుంటే ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇంతకీ తెల్ల గోడలో మీరు చూసేది పెయింటును కాదు, లప్పాన్ని, అంటే రంగుకు ముందు గోడ నునుపు చేయడానికి పూసే పుట్టీని. ఇది నాకు రంగు వేయడం అయిపోయాక అర్థమైంది. చిలకపచ్చ ఉన్నన్నాళ్లు మా హాలు గోడ ఎంత వంకరో ఎవరికీ తెలియలేదు. తెల్లగా అయ్యాక సాయంత్రం ట్యూబ్‌లైటు వేస్తే, ఆ లైటు గోడను ఒరుసుకుంటూ పడేసరికి, తాపీ నడిచిన ప్రతి చోటా అలలు. మాట్లాడుకున్నది లప్పం రెండు కోటింగులు. పడింది కొన్ని చోట్ల ఒకటే అని, పేపర్ కొట్టడం (గరుకు కాగితంతో రుద్దడం) కూడా తొందర తొందరగా కానిచ్చేశారని ఆ రోజు తేలింది. (మేం ఇద్దరం పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోయేవాళ్లం, ఇంట్లో అత్తమ్మ ఒక్కతే. ఆమె "కాగితం సరిగ్గా రుద్దుతలేరు" అని రెండుసార్లు ఫోన్ చేసింది కూడా, నేనే పట్టించుకోలేదు.) రంగుకు ముందు వేసే ప్రైమర్‌లో నీళ్లు బాగా కలిపారు, ఒక మూల పచ్చదనం లోపల్నుంచి తొంగి చూసింది. కాంట్రాక్టర్‌ను పిలిస్తే వచ్చి మూడో కోటింగు వేశాడు, దానికీ కూలి తీసుకున్నాడు, ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు. నేను చేసిన తప్పు ఏంటంటే, లప్పం ఎండాక ప్రైమర్ పడకముందే ఒక రాత్రి టార్చిలైటు గోడకు ఆనించి పక్కనుంచి వేసి చూడాల్సింది. ఎగుడుదిగుడు ఎంతుందో అప్పుడే బయటపడేది, డబ్బులు చేతిలో ఉండగానే మాట్లాడేదాన్ని. మ్యాట్ తీసుకోవడం వల్ల కొంత బతికిపోయాం, మెరుపున్న రకమైతే హాలు చెరువులా కనిపించేది.

పాత డిస్టెంపర్ గానీ సున్నం గానీ ఉన్న ఇళ్లవాళ్లకు ఇంకో మాట: పొడి రాలే గోడ మీద ఎమల్షన్ పట్టదు, పొరలు పొరలుగా లేస్తుంది. గీకించాల్సిందే. గీకే కూలి దండగ అనుకుంటే మొత్తం దండగే.

బాత్రూమును ఆనుకుని ఉన్న గోడకు ఆరు నెలలకే తెల్లటి బూజులా ఉప్పు పూసింది, పెయింటు పొలుసులుగా రాలింది. దీనికి పెయింటును తిట్టి లాభం లేదు. గోడలో చెమ్మ ఉంటే ఆ నీళ్లు లోపలి లవణాలను కరిగించుకుని బయటికి తెస్తాయి, నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది, అదే పెయింటును నెట్టేస్తుంది. మా దగ్గర బోరు నీళ్లు ఎలాంటివో చెప్పక్కర్లేదు, బకెట్ అంచు చూస్తే చాలు, ఇల్లు కట్టినప్పుడు గోడలు తడిపింది ఆ నీళ్లతోనే. ముందు పైపు లీకేజీ బాగు చేయించి, గోడ పూర్తిగా ఆరేదాకా ఆగి, అప్పుడు మళ్లీ వేయించాం. ఎండాకాలంలో వేయించాం కాబట్టి త్వరగా ఆరింది. మన ఎండలు పనికొచ్చే చోటు ఇదొక్కటే.

ఇప్పుడు దవాఖాన సంగతి. హాలు తెల్లగా అయిన మొదటి రాత్రి నిజంగానే ఇంజక్షన్ గదిలా అనిపించింది, నాకు ఏడుపొక్కటే తక్కువ. రంగు మార్చేద్దాం అనుకుంటుంటే పక్కింటి తమ్ముడు, ఎలక్ట్రీషియన్ పని చేస్తాడు, "అక్కా, రంగు కాదు, బల్బు మార్చి చూడండి" అన్నాడు. మా ఇంట్లో అన్నీ 6500 కెల్విన్ బల్బులు, డబ్బా మీద కూల్ డే లైట్ అని ఉంటుంది చూడండి, అవి. ఆ వెలుతురులో నీలి ఛాయ ఉంటుంది, తెల్ల గోడ దాన్ని యథాతథంగా మన ముఖం మీదకి తిప్పి కొడుతుంది. హాలులో రెండు 3000 కెల్విన్ వార్మ్ వైట్ బల్బులు పెట్టాం. అదే గోడ, అదే పెయింటు, ఇల్లులా అయిపోయింది. పిల్లలు చదువుకునే చోట మాత్రం పాతవే ఉంచా.

తెలుపుకు సొంత రంగు లేదని అప్పుడు తెలిసింది. ఎదురుగా ఏది ఉంటే దాన్ని పూసుకుంటుంది. మా పడమటి బెడ్‌రూము కిటికీకి ఎదురుగా పక్కవాళ్ల కాషాయం గోడ ఉంది, పొద్దున ఎండ దాని మీద పడితే మా తెల్ల గోడ నారింజ రంగుకు తిరుగుతుంది. సాయంత్రం సూర్యుడే లోపలికి వస్తాడు, అప్పుడు పసుపు. హాలుకు ఉత్తరం కిటికీ ఉంది, అక్కడ నేరుగా ఎండ పెద్దగా పడదు, రోజంతా ఒకేలాంటి నెమ్మదైన వెలుతురు, అందుకే నా 4.5 హాలుకు. కింద తాండూరు బండలు, ఆ బూడిద రంగు మీద తెలుపు చాలా బాగా కుదిరింది, టేకు దర్వాజ ఇంకా బాగా కనిపిస్తోంది. వెలుతురు గోడ మీద ఏమేం చేయగలదో చూడాలంటే మా దగ్గరే ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోడుల కాలం నాటి గుడి, లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలిచే ఉంటుంది. అది ఒక్క స్తంభం నీడ కాదు, చుట్టూ ఉన్న స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుతురు చేసే పని. ఆ గుడి కట్టినవాళ్లు వెలుతురు ఎటునుంచి వస్తుందో చూసుకున్నారు. నేను షేడ్ కార్డు చూశా, అంతే తేడా.

తెలుపు వేస్తే చీకటి ఇల్లు వెలుగైపోతుందన్న మాట కూడా పూర్తిగా నమ్మకండి. మహబూబ్‌నగర్‌లో మా అక్క వాళ్లది ఇరుకు సందులో కింది అంతస్తు. నన్ను చూసి తనూ తెలుపే వేయించింది. షేడ్ కార్డుల్లో ఎల్.ఆర్.వి. అని ఒక అంకె ఉంటుంది, పడిన వెలుతురులో గోడ ఎంత తిప్పి కొడుతుందో 100కి చెప్పే లెక్క, తెల్ల షేడ్లకు 80 పైనే ఉంటుంది. కానీ తిప్పి కొట్టడానికి ముందు వెలుతురంటూ పడాలి కదా. కిటికీకి అడుగున్నర దూరంలో ఎదురింటి గోడ ఉంటే అంకె ఎంతైతే ఏంటి, అక్క గోడలు పగటిపూట మాసిన బూడిద రంగులో ఉంటాయి. ఆమె ఇప్పుడు లేత వెన్న రంగుకు మారింది, ఆ ఇంటికి అదే నయం. బావ మాత్రం ఇప్పటికీ ఆ ఖర్చు నా ఖాతాలోనే రాస్తాడు.

ఇంకో అపోహ, లోపల తెలుపు వేస్తే ఇల్లు చల్లగా ఉంటుందని. మూడు ఎండాకాలాలు చూశా, ఏమీ లేదు. ఎండ కాసేది స్లాబు మీద, లోపలి గోడ మీద కాదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ కూడా కప్పు గురించే. చల్లదనం కావాలంటే ఆ డబ్బు డాబా మీద తెల్ల కోటింగుకు పెట్టండి, మేం పోయిన ఏడాది వేయించాం, రాత్రి పడుకునేటప్పుడు తేడా తెలుస్తోంది.

మరకల గురించి రాయకపోతే ఈ రివ్యూ అబద్ధం. రోడ్డు వైపు గదిలో కిటికీ కింద ఎర్ర దుమ్ము చారలు, మా వైపు ఎర్ర చల్క నేలలే కదా, గాలి దుమారం వచ్చినప్పుడల్లా ఒక పొర. తడి గుడ్డతో తుడిస్తే మ్యాట్ పెయింటు మీద ఇంకా వెడల్పవుతుంది, ముందు పొడి గుడ్డతో దులపాలి. స్విచ్ బోర్డుల చుట్టూ వేళ్ల ముద్రలు. వంటింట్లో పోపు ఆవిరికి స్టవ్ వెనక గోడ ఏడాదికే జిడ్డు పసుపు, అక్కడ పైదాకా టైల్స్ పెట్టించకుండా తెలుపు వేయడం నా తెలివి. పసుపు మరకల్లో ఒక తమాషా గమనించా: కిటికీ పక్కన ఎండ తగిలే చోట పడ్డ మరక కొన్ని వారాల్లో దానంతట అదే వెలిసిపోయింది, దేవుడి గూటి మూలన పడ్డది మాత్రం ఇప్పటికీ ఉంది. పసుపు రంగు వెలుతురుకు ఆగదు, ఆ మూలకు వెలుతురు లేదు. బల్లుల సంగతి వదిలేస్తున్నా.

తెలుపుకున్న ఒక గొప్ప సుఖం కూడా చెప్పాలి, టచప్. రంగు కలపని తెలుపు డబ్బా కాబట్టి షేడ్ కలిపేటప్పుడు తేడా వస్తుందన్న టెన్షన్ లేదు. మిగిలిన రెండు లీటర్లు మూత బిగించి సజ్జ మీద పెట్టా, దసరాకు ముందు చిన్న రోలర్‌తో స్విచ్ బోర్డుల దగ్గర నేనే వేస్తా.

మీరు వేయించాలనుకుంటే ఒక లీటరు డబ్బా కొని, రెండడుగుల అట్టముక్క మీద రెండు కోటింగులు వేసి, వారం రోజులు గది గదికీ తిప్పండి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి లైటు వేశాక చూడండి. షేడ్ కార్డులో గోరంత ముక్క చూసి ఇల్లంతా ఊహించుకోవడం నా వల్ల కాలేదు, మీ వల్లా కాదు.

ఇంతకీ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద మరక హాలులో, నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో, పళ్లెమంత గుండ్రంగా ఉంది. అత్తమ్మ మధ్యాహ్నం చాప మీద కూర్చుని గోడకు తల ఆనించి టీవీ చూసే చోటు అది, తలనూనె. కుర్చీ వేస్తే కూర్చోదు, దిండు పెడితే తీసేస్తుంది. మా అమ్మమ్మ ఊళ్లో ఇళ్లకు పైన సున్నం, కింద మూరెడు ఎత్తున జాజు (ఎర్రమట్టి రంగు) పట్టీ ఉండేది, అందం కోసమే అనుకునేదాన్ని. వానకు ఎర్రమట్టి చిమ్మేదీ, మనుషులు ఆనుకునేదీ, కాళ్లు తగిలేదీ అంతా ఆ ఎత్తులోనే అని ఇప్పుడు అర్థమైంది. అందుకే ఈ దసరాకు హాలు ఒక పక్క కింద మూడడుగులు కడగడానికి వీలయ్యే పెయింటుతో డాడో వేయిస్తున్నా, పైన తెలుపు తెలుపే. ఏ రంగు వేయమంటావని అత్తమ్మనే అడిగా. "జాజు ఎయ్యిరాదు," అన్నది. షేడ్ కార్డులో దానికి ఏం పేరు పెట్టారో వెతుకుతున్నా, ఇంకా దొరకలేదు.