పెంచిన పుట్టగొడుగు సరే, ఆ జటామాంసి ఎక్కడిది?

కార్డిసెప్స్ అనే పుట్టగొడుగు, జటామాంసి అనే మూలిక కలిపిన ఈ క్యాప్సూల్స్‌కి మూడు స్టార్లు ఇస్తున్నా, ఆ మూడూ పుట్టగొడుగు మొహం చూసి ఇచ్చినవే.

లేబుల్ మీద ఉత్త కార్డిసెప్స్ అని వదిలేయకుండా కార్డిసెప్స్ మిలిటారిస్ అని జాతి పేరు పూర్తిగా రాశారు, ధాన్యం మీద పెంచామని కూడా చెప్పారు. ఇది చిన్న విషయం కాదండీ. హిమాలయాల్లో, టిబెట్ పీఠభూమిలో గొంగళిపురుగుల్లోంచి మొలిచే ఖరీదైన రకం వేరు, దాని పేరు ఓఫియోకార్డిసెప్స్ సైనెన్సిస్. పురుగు గట్టిగా ఉన్నప్పుడే మంచి ధర పలుకుతుంది కాబట్టి అది సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లాంటి పొడి, చల్లకముందే తవ్వేస్తారు, ఏటా అలా తవ్వుకుంటూ పోతే మళ్లీ మొలిచేది ఎలా? 2020లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని ముప్పున్న జాతుల్లో చేర్చింది. మిలిటారిస్‌ని గదిలోనే పెంచుకోవచ్చు, కొండలు తవ్వక్కర్లేదు. రెండూ ఒకటే కాదు మరి, ఒకదాని పేరు చెప్పి ఇంకోటి అమ్మడం మోసం. వీళ్లు ఆ పని చేయలేదు.

జటామాంసి దగ్గరే ఒళ్లు మండింది. స్వచ్ఛమైన హిమాలయ జటామాంసి అని పెద్దక్షరాలతో వేశారు గానీ, సాగు చేసిందా, కొండల్లో తవ్వి తెచ్చిందా అన్నది ఎక్కడా లేదు. దీన్లో మందుకు వాడేది నేలలో ఉండే దుంపవేరు, అది పీకితే మొక్కే పోతుంది. ఐయూసీఎన్ జాబితాలో ఇది అంతరించే ప్రమాదం అత్యంత ఎక్కువగా ఉన్న వర్గంలో ఉంది, దేశాల మధ్య వ్యాపారానికి సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం నిబంధనలు కూడా ఉన్నాయి. కస్టమర్ కేర్‌కి మెయిల్ పెడితే హండ్రెడ్ పర్సెంట్ నేచురల్ అని జవాబు. నేను అడిగింది అది కాదు.

లండన్‌లో మొక్కల మీద పరిశోధన చేసే క్యూ గార్డెన్స్ 2020 నివేదిక ప్రకారం మందుగా నమోదైన 25,791 మొక్కల్లో ముప్పు అంచనా జరిగింది 5,411కే, అందులో 723 ప్రమాదంలో ఉన్నాయి. మందు శిలీంధ్రాల్లో అయితే అప్పటికి చూసింది ఆరింటినే. మిగతావాటి పరిస్థితి ఎవరూ చూడకుండానే అమ్మకం సాగుతోంది, అందుకే లేబుల్ గురించి ఇంత పట్టుబడుతున్నా.

అడవి సరుకు కొనొద్దని అనను, అది ఏరుకుని బతికే కుటుంబాలున్నాయి. ఎంత తీయొచ్చో లెక్కగట్టి, ఏరేవాళ్లకి న్యాయంగా డబ్బిచ్చే పద్ధతికి ఫెయిర్‌వైల్డ్ అనే ముద్ర ఉంది, అది కనిపిస్తే టెన్షన్ లేకుండా కొంటా.

కంపెనీవాళ్లు ఇది చదివితే, జటామాంసి ఏ ప్రాంతానిదో, సాగుదో అడవిదో ఒక్క లైను వేయండి. అప్పటిదాకా మీ దగ్గరే ఉన్న ఉత్త కార్డిసెప్స్ డబ్బా తీసుకుంటా, ఇది మాత్రం వద్దు.