ఏడాది కడప ఎండలో వాడిన కెమెరా సామాన్లు: ఏవి పనికొచ్చాయి, ఏవి మిద్దెక్కాయి

"అన్నా, ఏ కెమెరా తీసుకోమంటావు?" అని వారానికి ఒకరైనా అడుగుతున్నారు. నేనూ కొనేముందు మూడు నెలలు రాత్రిళ్లు నిద్ర మానుకుని రివ్యూలు చూసినవాణ్ణే. అందరూ మబ్బు పట్టిన ఊళ్లలోనో ఏసీ గదుల్లోనో నిలబడి చెప్పేవాళ్లే. మే నెలలో పొద్దున పదకొండింటికి గండికోట లోయ అంచున నిలబడితే స్క్రీన్ మీద నీ మొహం తప్ప ఇంకేమీ కనపడకపోవడం, మైకులో గాలి బుర్రుమనడం, ట్రైపాడ్ వణకడం, ఈ మూడింటి గురించి ఒక్కరూ మాట్లాడలేదు. అందుకే ఇది కెమెరా రివ్యూ కంటే కెమెరా చుట్టూ ఉండే సామాన్ల రివ్యూ అనుకోండి. నా డబ్బులు ఎక్కువగా వృథా అయింది అక్కడే.

ముందు కెమెరా సంగతి తేల్చేస్తా. సోనీ జడ్‌వీ-ఈ10, కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటే వచ్చే లెన్స్) తీసుకున్నా. 2021లో వచ్చిన మోడల్, 24 మెగాపిక్సెల్స్, ఏపీఎస్-సీ సైజు సెన్సార్, స్క్రీన్ పక్కకు తిరుగుతుంది, మైకు పెట్టుకునే చోటు ఉంది, హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటూ ఉంది. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసేది) లేదు, కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు, ఈ రెండూ కొనేముందే తెలిసినవే. 2024లో దీని రెండో వెర్షన్ వచ్చింది, పెద్ద బ్యాటరీ, 4కేలో సెకనుకు 60 ఫ్రేములు. డబ్బులుంటే అది తీసుకోండి, లేకపోతే ఇదే చాలు. కానన్ ఆర్50 తీసుకున్నా మునిగేదేమీ లేదు, మీ స్నేహితుల దగ్గర ఏ కంపెనీ లెన్సులు ఉన్నాయో ఆ కంపెనీ కొనండి, అడుక్కుని వాడుకోవచ్చు. ఇంక బాడీ గురించి నన్ను అడగొద్దు.

ఇప్పుడు ఎండ. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు వీడియోలో మినుకుమినుకుమనకుండా ఉండాలంటే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 (ఒక్కో ఫ్రేముకు సెకనులో యాభయ్యో వంతు సేపే వెలుతురు పడటం) పెట్టుకోవడం మేలు. దీనికి మెనూలో పాల్ (50 హెర్ట్జ్ కరెంటుకు సరిపోయే వీడియో పద్ధతి) ఎంచుకోవాలి, చాలామంది ఎన్‌టీఎస్‌సీలోనే (60 హెర్ట్జ్‌కు సరిపోయేది) వదిలేసి కల్యాణమంటపంలో లైట్లు కొట్టుకుంటున్నాయని కెమెరాను తిడతారు. సరే, లోపల బాగానే ఉంది, బయటికొస్తే ఏం కావాలి? పాత ఫోటోగ్రాఫర్ల లెక్క ఒకటుంది: నిండు ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సార్ చురుకు) 100 దగ్గర షట్టర్ 1/100 అయితే ఎఫ్/16 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది). షట్టర్ 1/50కి తగ్గించావంటే ఎఫ్/22. మరి వెనకాల బ్లర్ కావాలని ఎఫ్/2.8 పెడితే? ఆరు స్టాపులు వెలుతురు ఎక్కువ, ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు. అంటే లెన్స్‌లోకి వచ్చే వెలుతురులో అరవై నాలుగో వంతే లోపలికి పంపాలి. ఆ పని చేసేది ఎన్‌డీ ఫిల్టర్, లెన్స్‌కు చలువ కళ్లద్దాలు పెట్టినట్టు. అది లేకపోతే షట్టర్ పెంచుకుంటూ పోవాలి, అప్పుడు నడిచే మనిషి మనిషిలా కాకుండా తోలుబొమ్మలాగా టకటకా కదులుతాడు.

తిప్పితే నలుపు పెరిగే వేరియబుల్ ఎన్‌డీ మొదట చవకది తీసుకున్నా, తొమ్మిది వందలకో ఎంతకో. రెండు పోలరైజర్ అద్దాలు (ఒక దిశలో ఊగే వెలుతురునే పోనిచ్చేవి) ఒకదాని మీద ఒకటి పెట్టి చేసేదే ఈ ఫిల్టర్, కాబట్టి చివరిదాకా తిప్పితే ఆకాశం మీద ఇంటూ మార్కులా నల్ల చారలొస్తాయి, వైడ్ లెన్స్ అయితే ఇంకా ఎక్కువ. నాదైతే సగం తిప్పేసరికే వచ్చేసింది, పైగా మనుషుల మొహాలు పచ్చకామెర్లు వచ్చినట్టు. రెండోసారి బుద్ధి తెచ్చుకుని, ఎక్కువ తిరగకుండా అంచుల దగ్గర ఆగే గట్టిదాన్ని మూడున్నర వేలు పెట్టి కొన్నా. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. కిట్ లెన్స్ ఫిల్టర్ సైజు 40.5 మిల్లీమీటర్లు కదా అని ఆ సైజు ఫిల్టర్ కొనకండి. రేపు ఇంకో లెన్స్ కొంటే దానికి పట్టదు. 67 సైజు ఒక్కటి కొని, చిన్న లెన్స్‌కు పెద్ద ఫిల్టర్ పట్టించే స్టెప్-అప్ రింగులు తెచ్చుకుంటే (ఒక్కోటి వంద, నూటయాభై) అన్ని లెన్సులకూ అదే ఫిల్టర్ వాడుకోవచ్చు. నాకు ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక ఫిల్టర్ డబ్బులు మిగిలేవి.

పోలరైజర్ అన్నాను కాబట్టి మా మామ కథ చెప్పాలి. ఆయనకు యర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఉంది. బెంగళూరు పార్టీలకు వాట్సాప్‌లో పంపడానికి బండల వీడియో తీసివ్వమన్నాడు. తీసి చూపించా. ఆయన ఫోన్ దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, "ఏం అల్లుడూ, ఇంత డబ్బు పోసి కొంటివి, నల్లబండ తెల్లగా కనపడతాండాదే?" అన్నాడు. నిజమే, పాలిష్ చేసిన బండ మీద ఆకాశమంతా అద్దంలో పడ్డట్టు పడింది. బ్యాగులో సీపీఎల్ ఫిల్టర్ (ఒక్క పోలరైజర్‌తో, తిప్పుకునేలా చేసింది) ఉంది, అప్పటిదాకా ఆకాశం నీలంగా రావడానికే అనుకుని వాడుతున్నా. దాన్ని పెట్టి, బండకు ముప్పై, నలభై డిగ్రీల వాలులో వంగి నిలబడి మెల్లగా తిప్పుతుంటే, ఒకచోట ఆ తెలుపంతా చీర కొంగు లాగేసినట్టు తప్పుకుని కింద అసలు రాయి బయటపడింది, తడి చేసినప్పుడు కనపడే నలుపు, దాంట్లో సన్నటి బూడిదరంగు గీతలతో సహా. నేరుగా పైనుంచి తీస్తే ఈ మాయ జరగదు, వాలు ఉండాల్సిందే. ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుతురు తింటుంది, ఎండలో అది లాభమే. మామ ఏమీ అనలేదు, టీ చెప్పాడు. బండలు, టైల్సు, కారు అద్దాలు, చెరువు నీళ్లు, షాపు కిటికీలు తీసే పని మీకుంటే ఎన్‌డీ కంటే ముందు ఇది కొనండి. ఎడిటింగ్‌లో ఏం చేసినా ఆ మెరుపు కింద ఉన్న రాయి తిరిగి రాదు.

టీ తాగి వచ్చేసరికి మామ సాయం చేద్దామని భుజం మీది తుండుగుడ్డతో లెన్స్ తుడిచేశాడు. పాలిష్ పొడి కలిసిన దుమ్ము అది. అదృష్టం కొద్దీ ముందర ఫిల్టర్ ఉంది, గీతలన్నీ దాని మీద పడ్డాయి. మన దగ్గర లెన్సులకు ఫంగస్ భయం కోస్తా వాళ్లంత ఉండదు, మన శత్రువు దుమ్మే. కాబట్టి నూటయాభై రూపాయల రబ్బరు బ్లోయర్ మొదట, తర్వాత మెత్తటి బ్రష్, ఇవన్నీ అయ్యాకే గుడ్డ. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. లెన్స్ మార్చాల్సి వస్తే కారులోకి వెళ్లి అద్దాలు ఎత్తి, కెమెరా నోరు కిందికి పెట్టి మార్చండి.

వేడి గురించి. మాన్యువల్‌లో వాడకానికి 0 నుంచి 40 డిగ్రీలు అని రాసుంటుంది. మన మే నెల మొదలయ్యేదే అక్కడినుంచి. కాబట్టి 4కే తీసేటప్పుడు మెనూలో ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్‌ను హై అని పెట్టుకోవాలి, స్క్రీన్‌ను బాడీకి ఆనించకుండా బయటికి తెరవాలి, షాట్‌కీ షాట్‌కీ మధ్య కెమెరా మీద తెల్లటి గుడ్డో గొడుగో ఉంచాలి. నల్లటి కెమెరాను ఎండలో ట్రైపాడ్ మీద వదిలేసి మజ్జిగ తాగడానికి వెళ్తే వచ్చేసరికి పెనంలా ఉంటుంది. బ్యాటరీలు చిన్నవి, మూడు పెట్టుకున్నా. యూఎస్‌బీ-సీ ద్వారా పవర్‌బ్యాంకు తగిలించి కూడా నడపొచ్చు, ఇంటర్వ్యూలకు అదే వాడతా.

బెలుం గుహలకు వెళ్తే మాత్రం ఉల్టా సమస్య. ఏసీ కారులోంచి చల్లగా ఉన్న కెమెరాను నేరుగా లోపలికి తీసుకుపోయా, ఆ ఉక్కకు లెన్స్ మొత్తం పొగమంచు పట్టేసింది, పావుగంట ఖాళీగా నిలబడ్డా. కారు దిగడానికి అరగంట ముందే కెమెరాను బ్యాగుతో సహా ఏసీ గాలి తగలని చోట పెట్టుకుంటే సరిపోతుంది.

మైకు గురించి ఎక్కువ రాయను. వైర్ ఇబ్బంది లేకపోతే బోయా బీవై-ఎం1 కాలర్ మైకు, ఆరు మీటర్ల వైరు, ఎల్ఆర్44 బటన్ సెల్లు, కూర్చుని మాట్లాడే వీడియోలకు ఇంతకంటే అక్కర్లేదు, పని అయ్యాక స్విచ్ ఆపడం మరవకుండా ఉంటే సెల్లు చాలాకాలం వస్తుంది. తిరుగుతూ మాట్లాడాలంటే వైర్‌లెస్. ఏది కొన్నా కుచ్చు బొచ్చు ఉన్న విండ్ కవర్ తప్పనిసరి, నల్ల స్పాంజి గండికోట గాలికి ఆగదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. స్క్రీన్ మీది సౌండు మీటరు మామూలు మాటకు -12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. ఒకసారి నేను వినకుండా గంటన్నర ఇంటర్వ్యూ తీశా, కాలర్ మైకు ఆయన కండువా కింద ఉండిపోయింది, మొత్తం బరబరా శబ్దం.

మెమరీ కార్డుల దగ్గర అందరూ మోసపోయేది పెద్ద అక్షరాల్లో రాసిన 170, 200 నంబర్లు చూసి. అది కార్డులోంచి చదివే వేగం. వీడియోకు కావాల్సింది రాసే వేగం, దానికి వీ30 అని చిన్నగా ఉండే గుర్తు చూడండి, సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాస్తానని దాని హామీ. ఈ కెమెరా 4కేలో తీసే 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు) వీడియో అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే, కాబట్టి వీ30 బోలెడు, ఇంకా వేగమైన వీ90 కొనమని షాపువాడు అన్నా కొనకండి. 64 జీబీ కార్డులో సుమారు గంటా ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. ఆన్‌లైన్‌లో సగం ధరకు వచ్చిందని ఒక 128 జీబీ తెప్పించా, అమ్మినవాడి పేరు అనవసరం. మా చిన్నాన్న కూతురి పెళ్లిలో తలంబ్రాల దాకా బాగానే రాసింది, తర్వాత ఫైళ్లున్నాయి గానీ తెరుచుకోవు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూస్తే దాంట్లో నిజంగా ఉన్నది 32 కూడా కాదు. అప్పగింతలు ఎవరో ఫోన్‌లో తీసినవి అతికించి ఇచ్చా, చిన్నమ్మ ఏమీ అనలేదు గానీ ఆ ఆల్బం మాట ఎత్తితే నేను లేచి బయటికి వెళ్తా. ఇప్పుడు కొత్త కార్డు ఏది తెచ్చినా పూర్తిగా నింపి పరీక్ష చేశాకే బ్యాగులో పెడతా.

పెళ్లిళ్లకు అసలు తేడా తెచ్చింది సిగ్మా 30 ఎంఎం ఎఫ్/1.4 లెన్స్. కిట్ లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్/5.6కి పోతుంది, దానికీ 1.4కీ నాలుగు స్టాపులు, అంటే పదహారు రెట్లు వెలుతురు. బరువు 265 గ్రాములే. ఒంటిమిట్ట రాములవారి కల్యాణం జరిగేది రాత్రిపూట, వెన్నెల్లో. జనం మధ్యలోంచి దీంతో తీసిన షాట్లు చూసి లైట్లు పెట్టి తీశావా అన్నారు. చిన్న ఇళ్లల్లో మాత్రం గోడకు ఆనుకున్నా అందరూ ఫ్రేములో పట్టరు, దీంట్లో స్టెబిలైజేషన్ కూడా లేదు, అక్కడ కిట్ లెన్సే దిక్కు. ఒక్కటే లెన్స్ కొనగలం అనుకునేవాళ్లు సిగ్మా 18-50 ఎఫ్/2.8 చూడండి, నేనూ మళ్లీ మొదలుపెడితే అదే తీసుకుంటా.

చివరగా ట్రైపాడ్, నా అతిపెద్ద తప్పు. కెమెరాకు అరవై వేల పైచిలుకు పోసి ట్రైపాడ్‌కు పన్నెండు వందలు పెట్టా. తెల్లవారుజామున గండికోటలో సూర్యోదయం టైమ్‌లాప్స్ పెట్టి పక్కన కూర్చున్నా, గాలి లేచింది, మధ్య కడ్డీ మొత్తం పైకి లాగి ఉంది కదా, కెమెరా తలాడించే బసవన్నలా ఊగడం మొదలుపెట్టింది. మూడో కాలు లాక్ జారింది. పట్టుకోకపోతే పెన్నలోకే. ఆరు వేలు పెట్టి కొన్న రెండోది మూడు కిలోల దాకా బరువుంది, కాళ్లు మూడేసి ముక్కలే (ముక్కలు ఎక్కువైతే కాలు సన్నబడి ఊగుతుంది), తల ఫ్లూయిడ్ హెడ్ (లోపల జిగట ద్రవం ఉండేది), పక్కకు తిప్పితే కుదుపు లేదు. మధ్య కడ్డీ ఎత్తను, దాని కింద కొక్కేనికి సంచీలో రాళ్లు వేసి వేలాడదీస్తా, సంచీ అడుగు నేలకు కాస్త తగిలేలా, లేకపోతే గాలికి సంచీయే గడియారం లోలకంలా ఊగి కెమెరాను కూడా ఊపుతుంది. మొయ్యడానికి బరువే, అది ఒప్పుకోవాలి. ఇంకొకటి, లేపాక్షి లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందే అనుమతి తీసుకోవాలి, మోసుకెళ్లి గేటు దగ్గర బతిమాలుకోవద్దు.

ఆ పాత పన్నెండు వందలది పారేయలేదు. మా అమ్మ మిద్దె మీద వడియాలు ఎండబెట్టినప్పుడు దాన్ని మధ్యలో నిలబెట్టి, నా పాత నల్లచొక్కా తొడిగి, కాకులు రాకుండా పెట్టుకుంది. గాలికి ఊగుతుంది కాబట్టి ఇంకా బాగా పనిచేస్తోందట.