ఏడాదిన్నర వీకెన్ ప్రశ్నలతో కాపురం: నా నోట్‌బుక్ పద్ధతి ఎంతవరకు పనిచేసింది

ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌కి చదివిన ఏడాదిన్నరలో నన్ను లెక్కలు ఏడిపించలేదు, పెద్ద పెద్ద ప్యాసేజీలూ ఏడిపించలేదు. నాలుగు వాక్యాల వాదన ఒకటి ఇచ్చి, కింది వాటిలో ఏది నిజమైతే ఈ వాదన ఎక్కువగా బలహీనపడుతుంది అని అడుగుతాడే, ఆ వీకెన్ (weaken) ప్రశ్న ఏడిపించింది. 2023 నవంబర్‌లో పరీక్ష కొత్త రూపంలోకి వచ్చాక వెర్బల్ అనే ఇంగ్లిష్ సెక్షన్‌లో గ్రామర్ ప్రశ్నలు ఎత్తేశారు. ఇప్పుడు 45 నిమిషాల్లో 23 ప్రశ్నలు, అన్నీ ప్యాసేజీ చదివి జవాబు చెప్పే రీడింగ్ కాంప్రహెన్షన్, ఇలా వాదనల్ని తూచే క్రిటికల్ రీజనింగే. గ్రామర్ మీద నెట్టుకొద్దాం అనుకున్న నాలాంటివాళ్లకి ఆ కాస్త ఆసరా కూడా పోయింది.

నేను వాడింది పెద్ద సరంజామా ఏం కాదు. ఒక లాంగ్ నోట్‌బుక్, పరీక్ష పెట్టేవాళ్లే ఇచ్చే పాత ప్రశ్నలు, వాళ్లవే రెండు ఉచిత మాక్‌లు. పద్ధతి కూడా కొత్తది కాదు, ప్రీథింకింగ్ అని అందరూ చెప్పేదే. ఆప్షన్లని చేత్తో మూసి, వాదన చేసినవాడు ఏం తేల్చాడు, ఏం చూపించి తేల్చాడు, ఆ రెండింటి మధ్య గండి ఎక్కడుంది అని మూడు ముక్కలు రాసుకోవడం. తప్పు చేస్తే, ఆ తప్పు ఆప్షన్ నాకెందుకు నచ్చిందో ఒక్క వాక్యం తెలుగులో రాయడం. అసలు ఫలితం ఇచ్చింది ఈ రెండోదే.

ఎలా ఉంటుందో చెప్పడానికి నేనే అల్లుకున్న ప్రశ్న ఒకటి. కర్రీ పాయింట్ ఓనరు అంటాడు: "ఇంటి నుంచి డబ్బా తెచ్చుకున్నవాళ్లకి ఐదు రూపాయలు తగ్గిస్తున్నాం. పెట్టిన మూడు నెలల్లో ప్లాస్టిక్ కవర్ల ఖర్చు సగానికి పడింది. కాబట్టి ఈ తగ్గింపు చూసే చాలామంది డబ్బాలు తెచ్చుకుంటున్నారు." ఇక్కడ తేల్చింది డబ్బాల సంగతి. చూపించింది ఖర్చు. ఖర్చు తగ్గడానికి కవర్ల ధర తగ్గినా చాలు, అసలు గిరాకీ తగ్గినా చాలు. అదే గండి.

ఇప్పుడు ఆప్షన్లు. ఏ: కొందరు డబ్బా తేవడం మర్చిపోతున్నారు. బీ: ఐదు రూపాయల తగ్గింపు వల్ల ఓనరు లాభం తగ్గింది. సీ: పక్క వీధిలో ఏ తగ్గింపూ ఇవ్వని కర్రీ పాయింట్లో కూడా అదే మూడు నెలల్లో కవర్ల ఖర్చు సగానికి పడింది. డీ: జనం తెచ్చే డబ్బాలు పెద్దవి, కూర ఎక్కువ పోయాల్సి వస్తోంది. ఈ: పర్యావరణానికి ప్లాస్టిక్ కంటే స్టీలు మేలు.

మొదటి మూడు నెలల్లో నేనైతే కళ్లు మూసుకుని బీ పెట్టేవాణ్ణి. ఎందుకంటే ప్రశ్న చదువుతుండగానే నా బుర్ర ఓనరు గల్లాపెట్టె దగ్గరకి వెళ్లిపోతుంది. 'ఇది గిట్టుబాటయ్యే పనేనా?' అని. కానీ ఆయన గిట్టుబాటు అవుతుందని ఎక్కడా అనలేదు. బీ, డీ రెండూ ఆయన చెయ్యని వాదనని కొడతాయి. నేల విడిచి సాము. ఏ చూడండి, కొందరు మర్చిపోతే ఏమైంది, చాలామంది తెస్తూనే ఉండొచ్చుగా. ఈ-కి అసలు వాదనతో సంబంధమే లేదు. మిగిలింది సీ. తగ్గింపు లేనిచోట కూడా అదే జరిగిందంటే, కారణం ఇంకేదో ఉందేమో అన్న అనుమానం వస్తుంది.

ఈ పద్ధతిలో ఉన్న లోపం కూడా ఇక్కడే కనిపిస్తుంది. నేను ముందే అనుకున్నది 'కవర్ల ధర తగ్గింది' అని. ఆప్షన్లలో ఆ మాట లేదు. పక్క వీధి కొట్టు వేషం వేసుకుని వచ్చింది. మనం అనుకున్న మాట అచ్చం అలాగే దొరకాలని వెతికితే సరైన ఆప్షన్‌ని దాటేసి పోతాం. నా నోట్‌బుక్‌లో 'గండి సరిగ్గానే పట్టాను, ఆప్షన్ని గుర్తుపట్టలేదు' అన్న వాక్యం లెక్కలేనన్నిసార్లు ఉంది. ఇది తెలిశాక గండిని ఒక వాక్యంగా కాకుండా 'ఖర్చు వేరు, సంఖ్య వేరు' అని నాలుగు ముక్కల్లో పెట్టుకోవడం మొదలుపెట్టాను. తేడా తెలిసింది.

మా తాతగారు తర్కం చదువుకున్న మనిషి. ఒకసారి సెలవులకి ఊరెళ్లినప్పుడు ఈ గోల చెబితే నవ్వి, "నిప్పుంది కాబట్టి పొగ ఉంటుందంటే ఒప్పుకుంటావా? తడికట్టె ఉంటేనేరా పొగ. పైకి చెప్పని ఆ షరతునే తర్కంలో ఉపాధి అంటాం" అన్నారు. అమీర్‌పేట కోచింగ్‌లో మూడు వారాలు చెప్పింది ఆయన మూడు వాక్యాల్లో తేల్చేశారు. ఆ కోచింగ్ పేరు వద్దులెండి. వాళ్లు సొంతంగా తయారుచేసిన వీకెన్ ప్రశ్నల్లో కొన్నింటికి రెండు సరైన జవాబులుండేవి, అడిగితే "కీలో డీ ఉంది, డీయే రాసుకోండి" అనేవారు. అలాంటి ప్రశ్నలు చేస్తే మనకి వచ్చింది కూడా చెడుతుంది. తక్కువైనా సరే, అసలు ప్రశ్నలే మళ్లీ మళ్లీ చెయ్యండి.

టైమ్ సంగతి. మూడు ముక్కలూ రాస్తూ కూర్చుంటే మొదట్లో ఒక్కో ప్రశ్నకి ఐదు నిమిషాలు పట్టేది. పరీక్షలో సగటున రెండు నిమిషాలు కూడా ఉండదు. నాలుగో నెల నుంచి రాయడం మానేసి, ఎల్‌బీ నగర్ నుంచి ఆఫీసుకి వెళ్లే మెట్రోలో నోట్లోనే గొణుక్కోవడం అలవాటు చేసుకున్నా. పక్కన కూర్చున్నవాళ్లు చూసేవాళ్లు, చూడనీ.

ఇంకొకటి. ఇప్పుడు సెక్షన్ చివర్లో టైముంటే మూడు జవాబుల దాకా మార్చుకోవచ్చు. మాక్‌లో అలా మూడు మార్చాను, అందులో రెండు అంతకుముందు కరెక్టుగా ఉన్నవే. రెండూ వీకెన్ ప్రశ్నలే. ఆలోచించే కొద్దీ ఏ ఆప్షన్‌కైనా ఒక కథ అల్లేయొచ్చు, అదే ప్రమాదం. అసలు పరీక్షలో వాటి జోలికి వెళ్లలేదు.

మొదటి మాక్‌లో 575 వచ్చింది, పరీక్షలో 655. అంతా ఈ నోట్‌బుక్ వల్లే అంటే నేనే పైన చెప్పిన ఓనరులా మాట్లాడినట్టు. ఆ మధ్యలో లెక్కలు కూడా చేశాను మరి. వీకెన్ వరకు చూస్తే, పదింటికి ఐదు తప్పే స్థితి నుంచి రెండుకి వచ్చాను. వాదనలో బోల్డ్‌లో ఉన్న వాక్యాల పాత్ర ఏమిటో అడిగే బోల్డ్‌ఫేస్ ప్రశ్నలకి మాత్రం ఈ పద్ధతి ఏమీ చెయ్యలేదు.

నోట్‌బుక్ ఫొటోలన్నీ డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురికి పంపాను. లా స్కూలు కోసం ఎల్‌శాట్ రాస్తోంది. అందులో 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ అనే పజిల్ సెక్షన్ తీసేసి, ఇలాంటి వాదనలుండే లాజికల్ రీజనింగ్‌నే మార్కులకి రెండు సెక్షన్లు చేశారు, కాబట్టి దానికి నాకంటే ఎక్కువ అవసరం. కర్రీ పాయింట్ పేజీ చూసి ఆ రాత్రే ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఈ కొట్టులో తగ్గింపు చూసి జనం డబ్బాలకి అలవాటుపడి, పక్క వీధికి కూడా అవే పట్టుకెళ్తున్నారేమో? అప్పుడు నీ సీ ఏమవుతుంది?" అంది. వాదన చచ్చిపోవక్కర్లేదమ్మా, ఐదింట్లో ఎక్కువ దెబ్బ కొట్టేది చాలు అన్నాను. సరేగానీ ఆ ప్రశ్న ఇంకాస్త గట్టిగా రాయాల్సింది అంది. పక్క వీధి కొట్టుని తీసుకెళ్లి వేరే ఊళ్లో పెట్టాను.