పదమూడేళ్ళుగా మా ఇంట్లో ఉంటున్న విలన్లు

మా తమ్ముడు 2012లో డల్లాస్ నుంచి వస్తూ మూడు డీవీడీలు తెచ్చాడు. మూడూ ఇంగ్లీషు రచయిత టోల్కీన్ రాసిన మాయలోకపు కథలతో తీసిన పాత బొమ్మల సినిమాలే. 1977 నాటి 'ద హాబిట్', 1978లో రాల్ఫ్ బాక్షి తీసిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్', 1980 నాటి 'ద రిటర్న్ ఆఫ్ ద కింగ్'. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్ళు. అమెరికా డిస్కులు కాబట్టి రీజియన్ కోడ్ కుదరక మా ప్లేయర్ వాటిని మింగి ఉమ్మేసింది. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ కోసం నాలుగు షాపులు తిరగాల్సి వచ్చింది.

కొనేవాళ్ళకి ముందే ఒక మాట. ఈ మూడూ ఒక సిరీస్ కాదు. మొదటిదీ మూడోదీ ర్యాంకిన్-బాస్ అనే కంపెనీ వాళ్ళు అమెరికా టీవీ కోసం తీశారు. మధ్యది థియేటర్ల కోసం తీసింది, అదీ కథ సగంలో ఉండగానే ఆగిపోతుంది. తర్వాత ఏమైందో చూద్దామని మూడో డిస్కు పెడితే, బొమ్మలు వేరు, గొంతులు వేరు, అందరూ పాటలు పాడుతుంటారు. ఇవే కథలతో పీటర్ జాక్సన్ తర్వాత నటులతో తీసిన సినిమాలు చూసి వీటి దగ్గరికి వచ్చేవాళ్ళకి కోపం రావడం ఖాయం. నన్నడిగితే కథ కోసం వీటి జోలికి పోవద్దు, విలన్ల కోసం కొనుక్కోండి.

అందులోనూ మూడో సినిమాలో రాక్షస సైన్యాన్ని నడిపే విచ్-కింగ్ కోసం. చూడ్డానికి బాగానే ఉంటాడు. ముఖం లేదు, కిరీటం ఉంది, దాని కింద రెండు ఎర్రటి కళ్ళు. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతలో ఆయన నోరు విప్పాడు. భయపెట్టాలని గొంతుకి ఏదో యంత్రం తగిలించినట్టున్నారు. అది కాస్తా సన్నబడి, కీచుమని, డబ్బాలో ఇరుక్కున్న తూనీగలా తయారైంది. "అమ్మా, ఆయనకి జలుబు చేసిందా?" అంది పిల్ల. అంతే, ఆ చెయ్యి మళ్ళీ నన్ను పట్టుకోలేదు. ఇంట్లో కుక్కర్ విజిల్ కొట్టినప్పుడల్లా "ఆయనొచ్చాడు" అనుకోవడం ఆ రోజు నుంచే మొదలైంది.

బాక్షి సినిమాలో నవ్వు వేరే రకం. అందులో రోటోస్కోపు వాడారు. అంటే ముందు నిజమైన నటులతో షూటింగ్ చేసి, ఆ ఫిల్ము మీద ఒక్కో ఫ్రేమూ దిద్ది బొమ్మగా మార్చడం. యుద్ధం సీన్లకోసం స్పెయిన్ దాకా వెళ్ళారు. కొన్ని చోట్ల దిద్దడం కూడా తక్కువే, నటుల మీద రంగు కొట్టినట్టే కనిపిస్తుంది. మామూలు బొమ్మల సినిమాలో రాక్షసుడు మనిషిలా నడవక్కర్లేదు. ఇక్కడ మాత్రం బరువైన బట్టలు వేసుకున్న ఒక మనిషి, అడుగు ఎక్కడ వేయాలో చూసుకుంటూ నడుస్తున్నాడని ఇట్టే తెలిసిపోతుంది. హీరోల్ని వెంటాడుతూ నల్ల గుర్రాల మీద వచ్చే తొమ్మండుగురు విలన్లూ గుర్రం దిగగానే కుంటుతారు, మూలుగుతారు. మామయ్యగారు పేపర్ పక్కన పెట్టి చూసి, "పాపం, వీళ్ళకీ మోకాళ్ళేనా?" అన్నారు. ఆయన ఆ మాట నవ్వించడానికి అనలేదు, సానుభూతితో అన్నారు.

ఇక బాల్‌రాగ్. పుస్తకంలో అది నీడా నిప్పూ కలిసిన భూతం. ఇక్కడ సింహం తల, వీపున రెక్కలు, కాళ్ళకి చలికాలంలో ఇంట్లో వేసుకునే బొచ్చు చెప్పుల్లాంటివి. అంత పెద్ద మాంత్రికుడు గ్యాండాల్ఫ్ దాని మీదకి కర్ర ఎత్తుతుంటే, గేటు దాటి లోపలికొచ్చిన ఊరకుక్కని అదిలిస్తున్నట్టే ఉంటుంది.

చెడ్డ మాంత్రికుడు సారుమాన్ సంగతి ఇంకో తమాషా. అసలు పెద్ద విలన్ సౌరాన్ పేరూ, సారుమాన్ పేరూ ఒకేలా ఉన్నాయి, జనం తికమక పడతారని రెండోవాడి పేరు 'అరుమాన్' అని మార్చారు. మార్చినవాళ్ళు పూర్తిగా మార్చారా అంటే అదీ లేదు. ఒక చోట అరుమాన్, ఇంకో చోట సారుమాన్. నేను పక్కన కూర్చుని తెలుగులో చెబుతుంటే పిల్ల నన్నే తప్పు పట్టేది, "అమ్మా, నువ్వు పేరు మర్చిపోయావు" అని. తెల్లగడ్డం, ఎర్రటి అంగీ చూసి చివరికి తనే 'క్రిస్మస్ తాత' అని ఖాయం చేసింది. తికమక తీరిపోయింది.

వీళ్ళంతా బొమ్మలు వేయడం రానివాళ్ళు అనుకుంటే పొరపాటు. ర్యాంకిన్-బాస్ సినిమాలకి బొమ్మలు గీసింది జపాన్‌లోని టాప్‌క్రాఫ్ట్ స్టూడియో. 1984లో జపాన్ బొమ్మల సినిమాల దిగ్గజం మియజాకి తీసిన 'నౌసికా' తయారైంది అక్కడే. 'హాబిట్'లో కొండలు, చెట్లు, గుహల గోడలు చూడండి, ఇప్పటికీ కళ్ళు తిప్పుకోలేం. నా అనుమానం ఏమిటంటే, ఈ విలన్ల మీద ఎవరూ సెట్లో నవ్వలేదు. ఒక్కరైనా కన్ను గీటి ఉంటే మనకి ఇంత నవ్వు వచ్చేది కాదు. నవ్వించడానికే పెట్టిన పాత్రలు పిల్లల సినిమాల్లో బోలెడు, రెండోసారికే విసుగు. కీచుగొంతుతో అంత గంభీరంగా బెదిరించే విచ్-కింగ్ నలభయ్యోసారి కూడా నిరాశపరచలేదు.

'హాబిట్'లోని డ్రాగన్ స్మాగ్ మాత్రం ఇన్నేళ్ళలో నా లెక్కలో పైకెక్కాడు. మొదట్లో వాడి మీదా నవ్వే. డ్రాగన్ అంటే మొసలిలా ఉంటుందనుకుంటే, మీసాలతో పిల్లి మొహం. కళ్ళలోంచి టార్చి లైటులా వెలుగు. గొంతు రిచర్డ్ బూన్‌ది, కౌబాయ్ పాత్రలతో పేరు తెచ్చుకున్న నటుడు. విసురుగా ఉండదు, తీరిగ్గా, అద్దె అడగడానికొచ్చిన ఇంటి ఓనరులా ఉంటుంది. ఎన్నోసారో గుర్తులేదు కానీ, ఒక రాత్రి ఒక్కదాన్నే చూస్తుంటే ఆ తీరిక చూసి కాస్త వణుకు పుట్టింది. వాడికి తొందరెందుకు, బంగారం అంతా వాడి కిందే ఉంది కదా.

అయిదేళ్ళ లోపు పిల్లలుంటే 'హాబిట్' కాస్త ఆగి పెట్టండి. కప్పలాంటి గొల్లమ్, అంతేసి నోళ్ళ గాబ్లిన్లు నవ్వు తెప్పించేవి కావు. మా అన్నయ్య కొడుకు ఆ రాత్రి లైటు తీయనివ్వలేదు.

మా ఇంట్లో ఎక్కువ వాడకంలోకి వచ్చింది మూడో సినిమాలోని ఆర్కుల, అంటే రాక్షస సైనికుల, పాట. కొరడా దెబ్బలు తింటూ కవాతు చేస్తూ, యుద్ధానికి వెళ్ళడం మాకు అసలు ఇష్టం లేదని పాడుతుంటారు. అది కూడా నిలబడి చిందెయ్యాలనిపించే బాణీలో. రాక్షస సైన్యం మొత్తం డ్యూటీ ఎగ్గొట్టాలని చూస్తోందన్నమాట. సోమవారం పొద్దున స్కూలు బస్సు టైముకి మా అమ్మాయి ఆ బాణీ అందుకునేది, కొరడా పాత్ర నాది. ఇప్పుడు హాస్టల్లో ఉంటోంది. పరీక్షల ముందు రోజు ఫోన్లో మాట్లాడకుండా ఆ పాట రెండు లైన్లు పాడి పెట్టేస్తుంది.

డిస్కుల పరిస్థితి: మొదటి రెండూ బాగానే ఆడుతున్నాయి. మూడోదాని మీద గీత పడింది, సరిగ్గా వీరవనిత ఎయోవిన్ కత్తి పట్టుకుని విచ్-కింగ్‌కి ఎదురు నిలిచిన చోట. ఆయన బెదిరింపు మొదలుపెట్టి ఒకే అక్షరం దగ్గర ఇరుక్కుని కీ కీ కీ అంటూ ఉండిపోతాడు, ఆవిడ కత్తెత్తి అలాగే నిలబడుతుంది. కొత్త డిస్కు పంపుతానని తమ్ముడు రెండుసార్లు అన్నాడు. వద్దన్నాం.