మెసేజ్‌లకు ఆటో రిప్లై యాప్ కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఫోనుకు వచ్చే ఎస్సెమ్మెస్‌లకు దానంతట అదే జవాబు పంపుతుందని చెప్పే యాప్‌కు ఏడాది చందా కట్టబోయే వారందరికీ ఈ హెచ్చరిక. బ్యాంకు ఖాతా, యూపీఐ, ఆధార్ అన్నీ ముడిపడిన నంబరునే వ్యాపారానికీ వాడుతున్న చిన్న దుకాణదారులు దయచేసి చివరిదాకా చదవండి. నేను 1,499 రూపాయలు కట్టిన యాప్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే పని చేస్తామనే యాప్‌లు చాలా ఉన్నాయి, అవి నడిచే దారులు మాత్రం రెండు మూడే. ఆ దారులు తెలిస్తే ఏ పేరుతో వచ్చినా గుర్తుపట్టగలరు.

మాది కుట్టు దుకాణం. శ్రావణంలో ముహూర్తాలు మొదలైతే జాకెట్లు, మగ్గం వర్కు, చీరలకు ఫాల్ కుట్టడంతో ఊపిరి సలపదు. చేతిలో కత్తెర ఉండగా ఫోను తీయలేం. "జాకెట్టు అయిందా?" అని అడిగినవారికి వెంటనే ఒక మాట వెళ్తే వారికీ నిశ్చింత, మాకూ నిశ్చింత. ఆ యాప్ ప్రకటన ఇచ్చిన హామీ కూడా అదే.

మొదటి దెబ్బ ఎస్సెమ్మెస్ కోటా మీద పడింది. ప్రీపెయిడ్ ప్యాకుల్లో ఎక్కువ వాటికి రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లే ఉచితం. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒక మెసేజ్‌లో 160 పడతాయి. తెలుగు లిపిలో రాస్తే సాధారణంగా 70 మాత్రమే పడతాయి. గుణింతాలు, పొల్లు, సున్నా, ఖాళీ, చుక్క అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. "నమస్కారం. ప్రస్తుతం పనిలో ఉన్నాము. సాయంత్రం ఏడు గంటల తర్వాత ఫోను చేస్తాము." ఇంత చిన్న జవాబే 74 అవుతుంది, అంటే రెండు మెసేజ్‌ల లెక్క. 70 దాటిన జవాబును ముక్కలు చేసినప్పుడు ఒక్కో ముక్కలో 67 మాత్రమే పడతాయి. అంటే ఇలాంటి జవాబులు 50 వెళ్లేసరికి ఆ రోజు కోటా పూర్తవుతుంది. తెలుగులో జవాబు రాసుకోండని ఊరించిన యాప్ ఈ సంగతి ఎక్కడా చెప్పలేదు.

రెండోది ఇంతకన్నా దారుణం. లైనింగ్, లేసులు మాకు సరఫరా చేసేవారి నంబరుకు కూడా ఆటో రిప్లై ఉంది. వారి మెసేజ్‌కు మా యాప్ జవాబిచ్చింది, ఆ జవాబుకు వారిది జవాబిచ్చింది, దానికి మళ్లీ మాది. రెండు యంత్రాలు రాత్రంతా మాట్లాడుకున్నాయి. ఉచిత మెసేజ్‌లు అయిపోయాక రీఛార్జ్ బ్యాలెన్స్ కరిగింది. అదీ అయ్యాక, కొలత చూసుకోవడానికి రమ్మని పెళ్లివారికి పంపాల్సిన మెసేజ్ వెళ్లలేదు. పెళ్లి జాకెట్టు విషయంలో ఒక రోజు ఆలస్యమంటే ఏమిటో కుట్టుపని చేసేవారందరికీ తెలుసు. సరిగ్గా తయారుచేసిన యాప్ అయితే ఒక నంబరుకు ఇన్ని గంటల్లో ఒక్క జవాబే పంపుతుంది. కొనే ముందు ఆ ఏర్పాటు ఉందో లేదో తప్పకుండా చూడండి.

బ్యాంకులు, గ్యాస్ ఏజెన్సీల పేర్లతో వచ్చే మెసేజ్‌లకూ అది జవాబు పంపబోయింది. అక్షరాలతో ఉండే ఆ చిరునామాలకు జవాబులు చేరవు, తెర మీద "పంపలేకపోయాం" అన్న ఎర్ర గుర్తులు మిగులుతాయి. లాటరీ, లోను అంటూ వచ్చే మోసపు మెసేజ్‌లకు జవాబు వెళ్తే మాత్రం ప్రమాదం. ఈ నంబరు వాడుకలో ఉందని వారికి మనమే చెప్పినట్టవుతుంది. డబ్బు కట్టిన తర్వాత కూడా ప్రతి జవాబు చివర ఆ యాప్ ప్రచారం లింకు అతికించి పంపింది. మా పేరుతో మా కస్టమర్లకు ఎవరో ప్రకటనలు పంపడం నేను ఒప్పుకోలేను.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయం అనుమతులు. గూగుల్ 2018 అక్టోబరులో ప్రకటించి 2019 మొదట్లో అమలు చేసిన నిబంధన ప్రకారం, ప్లే స్టోర్ యాప్‌లు ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతిని ఇష్టం వచ్చినట్టు అడగకూడదు. కొన్ని మినహాయింపులు పోగా, ఫోనులో డిఫాల్ట్ మెసేజ్ యాప్‌గా, అంటే ఎస్సెమ్మెస్‌లన్నీ చూసుకునే ప్రధాన యాప్‌గా ఉన్నవాటికే ఆ వీలుంది. అందుకే కొన్ని తమనే డిఫాల్ట్‌గా పెట్టమంటాయి. అలా పెడితే మన ఓటీపీలన్నీ వాటి గుండానే వస్తాయి, గూగుల్ మెసేజెస్‌లో ఇంటర్నెట్ మీద నడిచే ఆర్‌సీఎస్ చాట్‌లు వాటిలో పనిచేయవు. మరికొన్ని నోటిఫికేషన్ యాక్సెస్ అడుగుతాయి. వినడానికి చిన్న అనుమతిలా ఉంటుంది కానీ, తెర మీదికి వచ్చే వాట్సాప్ మాటలు, బ్యాంకు సమాచారం కూడా ఆ యాప్ చదవగలదు. మూడో రకం ప్లే స్టోర్ బయట ఏపీకే ఫైలుగా దొరుకుతుంది. దాన్ని అసలు ముట్టుకోకండి. ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే దొంగ ఏపీకేలు ఖాతాలు ఖాళీ చేసేది ఈ ఎస్సెమ్మెస్ అనుమతితోనే.

ధర చూపిన తీరు కూడా చెప్పాలి. "నెలకు 125 రూపాయలే" అన్నది పెద్ద అక్షరాల్లో, ఏడాది మొత్తం ఒకేసారి తీసుకుంటామన్నది అడుగున బూడిద రంగులో. ఉచిత గడువు ముగియగానే యూపీఐ ఆటోపే ద్వారా డబ్బు వెళ్లిపోతుంది. యాప్‌ను ఫోనులోంచి తీసేసినంత మాత్రాన చందా రద్దు కాదు. ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి రద్దు చేయాలి. ఆ తర్వాత యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా కూడా ఒకసారి చూసుకోండి.

ఐఫోను వారికి ఒక మాట. ఇతర యాప్‌లు మీ ఎస్సెమ్మెస్‌లు చదివి జవాబు పంపడానికి ఆపిల్ అనుమతించదు. కాబట్టి ఆ పని చేస్తామని డబ్బు అడిగేవారిని నమ్మకండి. బండి నడిపేటప్పుడు జవాబు పంపే డ్రైవింగ్ ఫోకస్ ఫోనులోనే ఉచితంగా ఉంది. కస్టమర్లలో ఎక్కువ మంది వాట్సాప్‌లో ఉంటే వాట్సాప్ బిజినెస్‌లోని "అవే (Away) మెసేజ్", అంటే మనం అందుబాటులో లేనప్పుడు దానంతట అదే వెళ్లే జవాబు చాలు. దుకాణం మూసిన వేళల్లో మాత్రమే వెళ్లేలా పెట్టుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. మేము ఇప్పుడు దానికే మారాం. మామూలు ఫోనులు వాడే పెద్దవారికి సాయంత్రం మేమే ఫోను చేస్తున్నాం. జవాబు ఏదైనా "ఊళ్లో లేము" అని మాత్రం రాయకండి. అది ఎవరికి చేరుతుందో మన చేతిలో ఉండదు.

ఇప్పటికే కట్టినవారు ఆలస్యం చేయకండి. కొని 48 గంటలు దాటకపోతే వాపసు గూగుల్‌నే అడగవచ్చు, దాటితే తయారీదారును అడగమంటారు. ముందుగా డిఫాల్ట్ మెసేజ్ యాప్‌ను పాతదానికి మార్చి, సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ యాక్సెస్ తీసేసి, ఆ తర్వాతే యాప్‌ను తొలగించండి. ఖాతాలో తెలియని లావాదేవీ కనిపిస్తే మొదట సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. చందా వల (రద్దు చేసుకోవడం కష్టమయ్యేలా చందాలో ఇరికించడం) వంటి పద్ధతులను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు మార్గదర్శకాల్లో నిషేధించింది కాబట్టి, 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నేను చేశాను. ధర చూపిన పేజీ స్క్రీన్‌షాట్, బ్యాంకు నుంచి వచ్చిన డెబిట్ మెసేజ్, గూగుల్ పంపిన రసీదులో జీపీఏ అక్షరాలతో మొదలయ్యే ఆర్డర్ నంబరు దగ్గర ఉంచుకోండి.