ఒక కారు, నాలుగు తాళంచెవులు: కొత్త లాక్ సెట్ వెయ్యాలా, లాకుల్లోపలి ప్లేట్లు మార్పించాలా?

అలిపిరి చెకింగ్ దగ్గర మనుషులంతా దిగి సామాన్లు స్కానర్‌లో పెడతారు. డ్రైవర్ మాత్రం కారు దగ్గరే ఉండాలి. కొన్నేళ్ల కిందట అలా ఉన్నప్పుడే సెక్యూరిటీ ఆయన వచ్చి "డిక్కీ తియ్యి సామీ" అన్నాడు. నా గుత్తిలో నాలుగు తాళంచెవులు. మొదటిది దూరింది, తిరగలేదు. రెండోదీ అంతే. మూడోది కంగారులో కింద పడేశాను. వెనక ఒకటే హారన్లు. "బండి నీదేనా?" అని ఆయన మెల్లగా అడిగాడు.

నాదే. 2001 మోడల్ మారుతి 800, నాయన కొన్నది. ఇగ్నిషన్ బీగం (మా వైపు లాక్‌ను బీగం అంటాం, తాళం అంటే కీ) ఒకసారి పాడైతే అదొక్కటే కొత్తది వేయించారు. తర్వాత ఎడమ డోరు సొట్టబోతే పాత బండ్ల సామాన్లు అమ్మే చెన్నై పుదుపేటలో పాత డోరు దొరికింది. అది దాని బీగంతోనే వచ్చింది. కుడి డోరూ డిక్కీ మాత్రం కంపెనీ తాళంతోనే మిగిలాయి. పెట్రోల్ మూత బజార్లో కొన్నది. ఇట్లా ఒక్కో రిపేరుకీ ఒక్కో తాళం చేరింది. పాత బండ్లు ఉన్నవాళ్లలో చాలామంది కథ ఇదే.

దీనికి మూడు నాలుగు దారులున్నాయి. అన్నిటికంటే చవకైనది ఏమీ చేయకపోవడం: తాళాలకు రంగు రబ్బరు తొడుగులు వేసుకుని గుర్తుపెట్టుకోవడం. ఆర్నెల్లు నేనూ అదే చేశాను. పగలు పర్వాలేదు, రాత్రి వానలో రంగులు కనపడవు. పైగా నాలుగు తాళాలు, ఒక ఇత్తడి వెంకన్న బిళ్ల, ఇంటి తాళం అన్నీ కలిపి ఇగ్నిషన్‌కి వేలాడుతుంటే ఆ బరువు ఊగి ఊగి లోపలి బ్యారెల్ (కీతోపాటు తిరిగే గొట్టం) అరుగుతుంది. ఇది నాకు తర్వాత తెలిసింది.

రిమోట్ సెంట్రల్ లాకింగ్ వేయించుకోమని కొందరు చెబుతారు. అది డోర్లను నొక్కగానే తెరుస్తుంది కానీ బీగాలను ఒకటి చెయ్యదు. బ్యాటరీ దిగిపోయిన రోజు మళ్లీ అదే గుత్తి.

అసలు పోటీ మిగతా రెండిటి మధ్యే.

కొత్త లాక్ సెట్ అంటే ఇగ్నిషన్, రెండు డోర్లు, డిక్కీ, అన్నీ ఒకే కీతో ఒకే డబ్బాలో వస్తాయి. అన్నీ కొత్తవి కాబట్టి అరుగుదల గొడవ లేదు. పాత కీలు ఎవరి దగ్గర ఉన్నాయో అన్న అనుమానమూ పోతుంది. చేతులు మారిన బండికి ఇది చిన్న విషయం కాదు. చిక్కల్లా ఇగ్నిషన్ దగ్గరే. స్టీరింగ్ లాక్‌తో కలిసి ఉండే ఆ బీగాన్ని చాలా బండ్లలో బిగించాక తల తెగిపోయే బోల్టులతో బిగిస్తారు, దొంగలు స్పానర్ పెట్టి విప్పకుండా. దాంతో మెకానిక్ కూడా ఉలితో కొట్టో, డ్రిల్ చేసో తియ్యాల్సిందే. లేబర్ అక్కడే పెరుగుతుంది. ఇంకో సంగతి, పాత మోడల్‌కి ఇప్పుడు దొరికే సెట్లన్నీ కంపెనీవి కావు. పల్చటి రేకుతో చేసినవాటిలో కీ రెండేళ్లకే వదులవుతుంది. కీ తలలో చిప్ ఉండే బండ్లయితే బీగం మార్చినంత మాత్రాన ఇంజన్ స్టార్ట్ కాదు, ఆ చిప్ కొత్త కీలోకి రావాలి. మాది చిప్ లేని కాలపుది.

రెండోది ఉన్న బీగాలనే ఒక కీకి సరిచేయడం. ఆ పని చేసే పెద్దాయన మా ఇగ్నిషన్ చూసి అన్నాడు: "ఇంజన్ బీగం బాగుండాది సార్. దాన్ని కదిలించొద్దు. తక్కినవన్నీ దాని దోవకి తెద్దాం." ఈ ఒక్క మాటతో సగం ఖర్చు తప్పింది. నేనేమో కుడి డోరు కీ కంపెనీది కదా అని ఇగ్నిషన్‌నే దానికి మార్పించాలని వెళ్లాను.

డోరు లోపలివైపు అట్ట విప్పి, లోపల బీగాన్ని పట్టి ఉంచే గుర్రపు లాడంలాంటి క్లిప్పు లాగి, కడ్డీ తప్పిస్తే బీగం చేతికొచ్చేసింది. (ఇరవై ఏళ్ల డోరు అట్టకు ప్లాస్టిక్ క్లిప్పులు విరగడం ఖాయం, అరడజను ముందే కొనిపెట్టుకోండి.) ఆయన తెల్ల గుడ్డ పరిచి దానిమీద బ్యారెల్ తీశాడు. గుడ్డ ఎందుకంటే లోపలి స్ప్రింగులు ఆవగింజ కంటే కాస్త పెద్దవి, ఎగిరితే దొరకవు. బ్యారెల్ నిండా అడ్డంగా పల్చటి ఇత్తడి ప్లేట్లు, ఒక్కో ప్లేటు నడుమ ఒక్కో ఎత్తులో కన్నం. సరైన కీ పెడితే ప్లేట్లన్నీ బ్యారెల్‌తో సమంగా లోపలికి సర్దుకుంటాయి, బీగం తిరుగుతుంది. ఇగ్నిషన్ కీ పెట్టి చూపించాడు: రెండు ప్లేట్లు బయటికి పొడుచుకొచ్చాయి, ఒకటి కిందికి దిగింది. కన్నాల ఎత్తులు మూడు నాలుగు రకాలే ఉంటాయి కనక, ఒకచోటి ప్లేటు ఇంకోచోటికి మార్చి, తక్కువపడ్డది పాత బీగాల డబ్బాలోంచి వెతికి వేశాడు. కీ పెట్టి బొటనవేలు పైన రాస్తే ఎక్కడా తగల్లేదు.

దీనికి షరతు ఒక్కటే, ఆ కీ గాడి అన్ని బీగాల్లోనూ దూరాలి. దూరకపోతే ప్లేట్లు ఎన్ని మార్చినా లాభం లేదు.

మోసం జరిగేదీ ఇక్కడే. సరైన ప్లేటు దొరక్కపోతే కొందరు పొడుచుకొచ్చిన ప్లేటును ఆకురాయితో అరగదీస్తారు, ఇంకొందరు తీసి పారేస్తారు. ఎన్ని తీస్తే బీగం అంత గుడ్డిదవుతుంది, పక్కింటి కారు కీతో కూడా తెరుచుకుంటుంది. అందుకే డబ్బులిచ్చే ముందు వేరే కీ ఏదైనా పెట్టి తిప్పి చూడండి. నేను చూశాను, ఆయన నవ్వి తన టీవీఎస్ కీ కూడా ఇచ్చాడు ట్రై చెయ్యమని.

మారు తాళం (డూప్లికేట్ కీ) చేయించేటప్పుడు అరిగిన కీని మెషిన్‌లో పెడితే అరుగుదల కూడా కాపీ అవుతుంది. పాత బిల్లుతోనో రేకు బిళ్లమీదో కీ నంబరు ఉంటే దాన్నిబట్టి కోయించండి. బీగంలో కొబ్బరినూనె పోయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది. గ్రాఫైట్ పొడి చాలు.

నా లెక్కలో ఇగ్నిషన్ గట్టిగా ఉంటే ప్లేట్లు మార్పించడమే మేలు, పూట పని. తెలుసుకోవడం తేలిక: ఇంజన్ నడుస్తుండగా బండి నిలబెట్టి, కీని మెల్లగా లాగండి. బయటికొచ్చేస్తే బ్యారెల్ అరిగిపోయినట్టే. ఇంజన్ ఆగదు, కానీ అలాంటి బీగం స్క్రూడ్రైవర్‌తోనూ తిరగొచ్చు, స్టీరింగ్ లాక్‌నూ నమ్మలేం. తిరుమల కొండ దిగేది 1944 నాటి పాత ఘాట్ రోడ్డు మీద, ఆ మలుపుల్లో ఇలాంటి అనుమానం పెట్టుకుని తిరగను. అప్పుడు డబ్బు చూసుకోకుండా మంచి కంపెనీ సెట్ వేయించాల్సిందే. మధ్యేమార్గంగా పుదుపేటలో ఒకే కారునుంచి విప్పిన మొత్తం సెట్ కీతో సహా దొరుకుతుంది కానీ, అదీ మన బీగాలంత అరిగినదే. నేనైతే కొనను.

మా కారుకిప్పుడు ఒకటే కీ, దానికి ఒక మారు తాళం. పెట్రోల్ మూత గాడి మాత్రం వేరే రకం, కుదరలేదు. దాని తాళం డ్యాష్‌బోర్డు అరలో పడి ఉంటుంది, బంకులో కుర్రాడు అడిగినప్పుడల్లా వెతుక్కుంటాను.