పాత చిన్న కారు హ్యాండ్‌బ్రేకు: వదులు, మరమ్మతు, దీర్ఘకాల వాడకంపై సమీక్ష

వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు (చక్రంతో పాటు తిరిగే డొల్ల గిన్నెలాంటి డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే రకం) ఉండే పాత చిన్న కార్లలో హ్యాండ్‌బ్రేకు వదులైనప్పుడు లీవరు కింద ఉన్న కేబుల్ నట్టును రెండు చుట్లు బిగించి పంపడం మన వర్క్‌షాపుల్లో అలవాటు. ఆ బిగింపు కొన్ని వారాలు పనిచేస్తుంది, తరువాత లాగితే లీవరు మళ్ళీ ఎక్కువ పైకి లేస్తుంది. వదులు తరచుగా కేబుల్లో కాక డ్రమ్ము లోపల ఉంటుందనీ, మరమ్మతు అక్కడి నుంచి మొదలైతేనే నిలుస్తుందనీ ఏళ్ళ వాడకం మీద నాకు కుదిరిన అభిప్రాయం. మారుతి 800, పాత ఆల్టో తరహాలో ముందు చక్రాలు నడిచి, వెనక డ్రమ్ములుండే కారు నాది. 15 ఏళ్ళు నిండి, రిజిస్ట్రేషను మరో 5 ఏళ్ళకు పొడిగించుకుని ఇప్పటికీ విశాఖపట్నంలో వాడుతున్నాను. ఎత్తుపల్లాల వీధులూ, ఇనుమును తినేసే సముద్రపు గాలీ ఉన్న ఈ ఊరిలో హ్యాండ్‌బ్రేకు పరీక్షకు నిలబడవలసిన రోజులు చాలానే వస్తాయి.

ఈ బ్రేకు నిర్మాణం సులువైనది. లీవరును లాగితే దాని అడుగున ఉన్న పళ్ళ పట్టీ మీద చిన్న కొక్కెం ఒక్కో పన్నుకూ తగులుకుంటూ క్లిక్కుమంటుంది. లీవరు నుంచి వచ్చే బలాన్ని ఈక్వలైజర్ అనే చిన్న అడ్డు ముక్క ఎడమ, కుడి కేబుళ్ళకు సమంగా పంచుతుంది. డ్రమ్ములో కేబుల్ కొస ఒక చిన్న లీవరును లాగితే, అది రెండు షూల (డ్రమ్ముకు లోపలి నుంచి ఒత్తుకునే వంపు ముక్కల) మధ్య ఉన్న అడ్డుకడ్డీని నెట్టి షూలను డ్రమ్ముకు అదుముతుంది. ఫుట్‌బ్రేకు ఆయిల్‌తో చేసే పనినే ఇక్కడ తీగ చేస్తోందన్నమాట. షూలు మాత్రం రెండింటికీ అవే. కాబట్టి షూల మీది రాపిడి పొర అయిన లైనింగు అరిగి డ్రమ్ముకు దూరమైన కొద్దీ లీవరు ఎక్కువ క్లిక్కులు తిరగక తప్పదు.

లోపం ఎక్కడుందో చాలావరకు చేతికే తెలుస్తుంది. లీవరు మొదట తేలికగా లేచి, చాలా పైకి వచ్చాక గట్టిపడితే షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడం పెరిగిందని అర్థం. మొదటి క్లిక్కు నుంచే బరువుగా కదిలి, వదిలాక వెనక్కి రావడానికి మొరాయిస్తే కేబుల్ తొడుగులో తుప్పు పట్టింది. లాగినప్పుడు బాగానే నిలిచి కాసేపటికి తనంతట జారితే పళ్ళ పట్టీ అరిగింది. ఎప్పటిలాగే సరైన ఎత్తులో గట్టిపడినా కారు వాలులో కదులుతుంటే అనుమానం లైనింగు మీదికి పోవాలి, ఎందుకంటే ఫుట్‌బ్రేకు తొక్కితే ఆయిల్ ఒత్తిడితో షూలను నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు కారి బ్రేక్ ఆయిల్ షూల మీద పడినా, లైనింగు కాలి గాజులా నున్నబడినా పట్టు పోతుంది. లీవరు ఎన్ని క్లిక్కులకు గట్టిపడాలన్నది కారును బట్టి మారుతుంది, ఆ అంకె కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

చక్రం విప్పకుండానే చేసుకోగల మరో పరీక్ష నాకు బాగా ఉపయోగపడింది. ఇంజిను నడుస్తుండగా సమతలం మీద ఫుట్‌బ్రేకు పెడల్‌ను తొక్కి అది ఎంత లోతుకు పోతోందో గమనించాలి. తరువాత హ్యాండ్‌బ్రేకును రెండు మూడు క్లిక్కులు లాగి మళ్ళీ తొక్కాలి. ఈసారి పెడల్ స్పష్టంగా పైనే ఆగితే, వెనక షూలు డ్రమ్ముకు దూరంగా ఉన్నాయని దాదాపు రూఢి అయినట్టే. హ్యాండ్‌బ్రేకు ఆ ఎడాన్ని ముందే పూడ్చేసింది గనుక పెడల్‌కు చేయవలసిన పని తగ్గింది. ఈ సంగతిని మెకానిక్కుతో ముందే చెబితే అతడు నేరుగా నట్టు మీదికి పోకుండా డ్రమ్ము విప్పుతాడు.

నట్టు బిగింపును నేను ఇంతగా తప్పుపట్టడానికి కారణం ఉంది. చాలా కార్లలో అడ్డుకడ్డీకి ఉన్న ఏర్పాటు, ఫుట్‌బ్రేకు తొక్కినప్పుడు షూలు మామూలు కంటే ఎక్కువ జరిగితే, తానే పొడుగై ఎడాన్ని సరిచేసుకుంటుంది. అందుకు డ్రమ్ములోని చిన్న లీవరు పూర్తిగా వెనక్కి వచ్చి తన స్థానంలో ఆనుకుని ఉండాలి. కేబుల్‌ను అతిగా బిగిస్తే ఆ లీవరు సగంలోనే వేలాడుతుంది, సర్దుబాటు ఆగిపోతుంది, కొన్నిసార్లు షూ ఎప్పుడూ డ్రమ్మును రాసుకుంటూ ఉంటుంది. చక్రం వేడెక్కడం, మైలేజీ తగ్గడం, లైనింగు ముందుగానే అరగడం దాని ఫలితాలు. నా కారులో ఎడమ వెనక చక్రం కుడిదానికంటే వేడిగా ఉండడానికి ఒక వర్క్‌షాపులో జరిగిన ఇటువంటి బిగింపే కారణమని డ్రమ్ము విప్పాక తేలింది.

నిలిచిన మరమ్మతు ఈ వరుసలో సాగింది. హ్యాండ్‌బ్రేకు దించే పని చేయాలి గనుక ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టి, వెనక భాగాన్ని జాకీతో లేపి స్టాండుల మీద నిలిపారు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద చెయ్యి పెట్టకూడదు. ముందుగా కేబుల్ నట్టును పూర్తిగా వదులు చేశారు. డ్రమ్ము అంచున అరుగుదల వల్ల ఏర్పడిన గట్టు షూలకు అడ్డుపడి డ్రమ్ము ఊడి రాలేదు. దాని మీద ఉన్న మరల రంధ్రాల్లో రెండు బోల్టులు ఎక్కించి సమంగా బిగిస్తే అది మెల్లగా బయటికి వచ్చింది. సుత్తి దెబ్బలతో పని కానిచ్చే తొందర ఇక్కడ పనికిరాదు. లోపలి ధూళిని గాలి కొట్టి ఎగరవేయకుండా తడి గుడ్డతో తుడిపించాను, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది.

లైనింగు 1 మి.మీ.కు దగ్గరపడింది, ఒక వైపు వీల్ సిలిండర్ చెమర్చుతోంది. షూలను రెండు చక్రాలకూ కలిపే మార్చాలి, ఒక వైపే మారిస్తే బ్రేకు ఒక పక్కకు లాగుతుంది. సిలిండర్ కూడా మార్చి, బ్రేక్ ఆయిల్ గొట్టాల్లో చేరిన గాలి తీసి, షూల అడ్డుకడ్డీని చేత్తో సర్ది, డ్రమ్ము ఎక్కించాక ఫుట్‌బ్రేకును పదేపదే తొక్కి షూలను తమ చోటుకు రానిచ్చారు. కేబుల్ వంతు ఆ తరువాతే వచ్చింది. లీవరును ఒక్కో క్లిక్కు లాగుతూ రెండు చక్రాలనూ చేత్తో తిప్పి చూశారు. రెండూ ఒకే క్లిక్కు దగ్గర పట్టడం మొదలై, లీవరు పూర్తిగా దించినప్పుడు రెండూ స్వేచ్ఛగా తిరగాలి. ఒక పక్క ముందుగా పడుతుంటే ఈక్వలైజర్ వాలి కనిపిస్తుంది. అప్పుడు చూడవలసింది నట్టును కాదు, ఆలస్యంగా పట్టే పక్క కేబుల్‌నూ షూ ఎడాన్నీ.

కేబుళ్ళ విషయంలో నాకు రెండు రకాల అనుభవం ఉంది. మొదట వేయించినది పేరులేని చౌక రకం. ఒక వానాకాలం గడిచేసరికి దాని రబ్బరు తొడుగు చివరల్లో పగిలి, నీరు చేరి, తీగ లోపలే బిగుసుకుంది. తరువాత కారు తయారీదారు భాగాల దుకాణం నుంచి తెచ్చినది ధరలో దాదాపు రెట్టింపు అయినా ఇప్పటికీ వేలితో లాగితే జారేంత నున్నగా ఉంది. లోపలి తీగ చుట్టూ ప్లాస్టిక్ పూత ఉండడం, కొసల దగ్గర తొడుగు బిర్రుగా ఉండడం కొనేముందే చూసుకోవలసిన గుర్తులు. కొత్త కేబుల్, కొత్త షూలు మొదట్లో కొంచెం సర్దుకుంటాయి కాబట్టి కొన్ని వారాల తరువాత ఒకసారి చిన్న బిగింపు అవసరమైంది. దాన్ని లోపంగా లెక్కించలేదు.

ఆ తరువాతి వాడకంలో సింహాచలం కొండ మీదా, కైలాసగిరి దారిలోనూ మనుషులతో నిండిన కారును వాలులో నిలిపినా కదలలేదు. అయినా హ్యాండ్‌బ్రేకు ఒక్కదాని మీద కారును వదలను. ఎగువకు ముఖం పెట్టి ఉంటే మొదటి గేరు, దిగువకు ఉంటే రివర్స్ గేరు వేసి, కారు జారినా రోడ్డు అంచు గట్టుకు ఆనుకుని ఆగేలా ముందు చక్రాలను తిప్పి ఉంచుతాను. వానాకాలంలో ఊరికి పోయి కారును రోజుల తరబడి నిలపవలసి వస్తే మాత్రం హ్యాండ్‌బ్రేకు వేయకుండా గేరులో ఉంచి చక్రాలకు దిమ్మలు పెడతాను, తడి డ్రమ్ముకు షూలు తుప్పుతో అంటుకుపోవడం ఈ తీరంలో మామూలే.

ఇక మిగిలిన పని డ్రమ్ములది. లోపలి వ్యాసం ఎంతవరకు అరగవచ్చో డ్రమ్ము మీదనే అచ్చువేసి ఉంటుంది, ఎడమది ఆ హద్దుకు చేరువలో ఉంది. వచ్చే షూల మార్పుతో పాటే రెండు డ్రమ్ములూ కొత్తవి వేయిస్తాను.